రికార్డు ఒకరిది... కొండ ఇద్దరిదీ!

భద్రాచలం వాళ్లకు కొన్ని అంకెలు కంఠతా వచ్చు. 43, 48, 53. గోదావరి ఇన్ని అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది. 'రికార్డు' అన్న మాట కూడా ఆ వైపు ఎక్కువగా వినిపించేది వరద లెక్కల్లోనే. 1986లో 75.6 అడుగులు. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. పెద్దవాళ్లు వయసులు చెప్పాలన్నా, పెళ్లిళ్లు చెప్పాలన్నా ఆ వరద ముందా, తరువాతా అని గుర్తు చేసుకుంటారు.

2014 మే 25న ఈ అంకెల సరసన ఇంకో అంకె వచ్చి చేరింది. 8,848. ఇవి అడుగులు కావు, మీటర్లు. ఎవరెస్టు శిఖరం ఎత్తు. ఆ రోజు ఉదయం దాని మీద నిలబడ్డ ఇద్దరు తెలుగు పిల్లల్లో ఒకడు చర్ల మండలం కుర్రాడు. పేరు సాధనపల్లి ఆనంద్‌కుమార్. వయసు 16. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థి.

రెండో పేరు అందరికీ తెలిసిందే. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండటానికి ఇంకా పదహారు రోజులు ఉంది. ప్రపంచంలో ఎవరెస్టు ఎక్కిన వాళ్లలో అందరికంటే చిన్న వయసు అమ్మాయిగా ఆమె పేరు చరిత్రలోకి ఎక్కింది.

మరి ఆనంద్?

అదే యాత్ర. అదే చలి. అదే కొండ. అదే రోజు. కానీ రికార్డు పుస్తకంలో అతడి పేరుకు వరస దొరకలేదు.

పుట్టినరోజుతో కొలిచే ఆట

పర్వతారోహణలో 'అతి చిన్న వయసు' అన్న రికార్డు విచిత్రమైనది. ఎంత బాగా ఎక్కారన్నది అందులో లెక్కకు రాదు. ఎప్పుడు పుట్టారన్నదే లెక్క.

2001లో నేపాల్ కుర్రాడు తెంబా షేరి పదహారేళ్లకు ఎవరెస్టు ఎక్కితే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అంతకుముందు ఏడాది చేసిన ప్రయత్నంలో చలికి వేళ్లు పోగొట్టుకుని కూడా మళ్లీ వచ్చినవాడు అతను. రెండేళ్లు తిరక్కుండానే, 2003లో మింగ్ కిపా అనే షెర్పా అమ్మాయి పదిహేనేళ్లకే ఎక్కేసింది. 2010 మే 22న అమెరికా కుర్రాడు జోర్డాన్ రొమెరో పదమూడేళ్ల పది నెలల వయసులో శిఖరం చేరాడు. పూర్ణ ఎక్కినప్పుడు ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అంటే రొమెరోకీ, పూర్ణకీ తేడా నెల పైన నాలుగైదు రోజులే. ఆ కాస్త తేడా వల్లే మొత్తం రికార్డు అతడి దగ్గర ఉండిపోయింది, అమ్మాయిల రికార్డు పూర్ణకు వచ్చింది.

మన దేశం అబ్బాయిల సంగతి చూసినా అంతే. 2013లోనే ఢిల్లీ విద్యార్థి రాఘవ్ జునేజా పదిహేనేళ్లకు ఎవరెస్టు ఎక్కాడు. కాబట్టి ఏడాది తరువాత పదహారేళ్ల ఆనంద్ ఎక్కితే 'అతి చిన్న' అన్న మాట అతడికి వర్తించలేదు. పదమూడేళ్ల కుర్రాడికి ఎంత గాలి తక్కువో, పదహారేళ్ల కుర్రాడికీ అక్కడ అంతే తక్కువ. రికార్డు మాత్రం ఆ సంగతి పట్టించుకోదు.

అందుకే ఆనంద్ సాధించినదాన్ని కొలవాలంటే వేరే కొలత కావాలి. అతడు ఏ వయసులో ఎక్కాడన్నది కాదు, ఎక్కడి నుంచి ఎక్కాడన్నది చూడాలి.

చర్ల నుంచి

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా గోదావరి ఒడ్డు పట్టుకుని ఎగువకు పోతే సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో చర్ల వస్తుంది. ఒకవైపు గోదావరి. ఇంకోవైపు అడవి. ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. తాలిపేరు నది అటు నుంచే వచ్చి ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. ఆ నది మీది ప్రాజెక్టే చుట్టుపక్కల పొలాలకు ఆధారం.

ఈ నేల సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా ఉండదు. మే నెల వచ్చిందంటే ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. మంచు అన్నది ఇక్కడి పిల్లలు చూసేది సినిమా పాటల్లోనే.

చర్ల పేరు పత్రికల్లోకి రావడానికి చాలాకాలం రెండే కారణాలు. ఒకటి వరద. రెండోది తుపాకీ. సరిహద్దు అడవుల్లో కూంబింగ్, ఎదురుకాల్పులు, ఇన్‌ఫార్మర్ పేరుతో హత్యలు, పేల్చేసిన రోడ్లు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి గ్రామాలు ఖాళీ చేసి అడవి దాటి ఇటు వచ్చిన గుత్తికోయ కుటుంబాలు కూడా ఈ మండలంలోనే గుడిసెలు వేసుకున్నాయి. ఇలాంటి చోట పదహారేళ్ల కుర్రాడి పేరు పేపర్లో పడిందంటే ఇంట్లోవాళ్లకు ముందు గుండె దడ పుడుతుంది. ఆనంద్ పేరు మాత్రం మొదటి పేజీలో, నవ్వుతున్న ఫొటోతో పడింది. ఆ ఒక్కరోజైనా చర్ల గురించి రాయడానికి పత్రికలకు మూడో కారణం దొరికింది.

ఆనంద్‌ది దళిత కుటుంబం. తండ్రి సైకిళ్లు బాగు చేసి ఇల్లు నడిపేవాడు. కొడుకును పంపింది అన్నపురెడ్డిపల్లిలోని సాంఘిక సంక్షేమ గురుకులానికి. ఆ ఊరు అప్పట్లో ఖమ్మం జిల్లాలోదే. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. తిండి, బట్ట, పుస్తకం, పడక అన్నీ అక్కడే. పేదింటి పిల్లలకు ఈ గురుకులాల విలువ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1980లలో వాటికి పునాదులు వేసిన అధికారుల్లో ముఖ్యుడు ఎస్.ఆర్. శంకరన్. ఎవరెస్టు మీదికి ఈ పిల్లలు జాతీయ జెండాతో పాటు అంబేడ్కర్, శంకరన్ ఫొటోలు తీసుకెళ్లారంటే అందుకే.

భువనగిరి బండ దగ్గర మొదలు

2012లో ఆ గురుకులాల సంస్థకు కార్యదర్శిగా ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ వచ్చారు. చదువుతో పాటు ఇంగ్లిషు, ఆటలు, సాహస క్రీడలు అంటూ కొత్త పనులు మొదలుపెట్టారు. హాస్టల్ పిల్లలంటే లోకం చూసే చిన్నచూపు పోవాలంటే ముందు వాళ్లలో జంకు పోవాలన్నది ఆయన ఆలోచన.

అలా మొదలైందే భువనగిరి కోట బండ మీద శిక్షణ. హైదరాబాద్-వరంగల్ దారిలో పోయేవాళ్లందరూ కిటికీలోంచి చూసే ఏకశిల అది. ఎవరెస్టు ఎక్కి వచ్చిన బి. శేఖర్‌బాబు అక్కడ పిల్లలకు తాడు కట్టడం, రాయి పట్టుకోవడం, దిగడం నేర్పించారు. గురుకులాల నుంచి వంద మందికి పైగా ఎంపికయ్యారు. వాళ్లలో ఇరవై మందిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మొదటిసారి మంచు మీద నడిచారు. రెనాక్ అనే శిఖరం ఎక్కారు. ఆ తరువాత ఇంకా కొందరిని వడపోసి చలికాలంలో లద్దాఖ్ తీసుకెళ్లారు. గాలికి చెంపలు పగిలే చోట, సున్నాకు ఎంతో దిగువన ఉండే చలిలో నడకలు, పరుగులు. చివరికి ఇద్దరు మిగిలారు. పూర్ణ, ఆనంద్.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ ఇద్దరినీ కొండ దగ్గరికి తీసుకెళ్లింది డబ్బున్న తండ్రి కాదు, పెద్ద క్లబ్బు కాదు. ప్రభుత్వ పాఠశాల. బడి గంట, డ్రిల్లు పీరియడ్, వార్డెన్, మెస్సు... ఇవన్నీ ఉన్న మామూలు హాస్టల్ బడి.

ఇదే అమెరికాలో అయితే వింతేం కాదు. అక్కడ హైస్కూలు ఫుట్‌బాల్ అంటే ఊరికి ఊరు శుక్రవారం రాత్రి మైదానంలో ఉంటుంది. ఆ ఆట మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని ఎదుటివాళ్లను తోసుకుంటూ పరుగెత్తేది. ఏ పిల్లవాడు ఎన్ని గజాలు పరుగెత్తాడో బడే లెక్క రాసిపెడుతుంది. ఫ్లోరిడాలోని యూలీ అనే చిన్న ఊరి కుర్రాడు డెరిక్ హెన్రీ హైస్కూలు నాలుగేళ్లలో 12,124 గజాలు పరుగెత్తాడు. 1953 నుంచి ఎవరూ దాటని కెన్ హాల్ రికార్డును 2012లో దాటాడు. అన్నీ కలిపితే పదకొండు కిలోమీటర్లు! ఆ రికార్డు పట్టుకునే అలబామా యూనివర్సిటీకి వెళ్లాడు, 2015లో కాలేజీ ఆటగాళ్లకిచ్చే అతిపెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, తరువాత ప్రొఫెషనల్ లీగ్‌లో స్టార్ అయ్యాడు. అక్కడ బడిలో ఆట బాగా ఆడితే తరువాతి మెట్టు ఏమిటో ప్రతి పిల్లవాడికీ తెలుసు. కాలేజీల వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

మన దగ్గర ఆ మెట్లు లేవు. ఆనంద్‌కు ముందు అన్నపురెడ్డిపల్లి నుంచి ఎవరెస్టుకు దారి ఉందని ఎవరైనా చెబితే జనం నవ్వి ఊరుకునేవాళ్లు. ఉన్న మెట్టు ఎక్కడం ఒక ఎత్తు, మెట్టు వేసుకుంటూ ఎక్కడం ఇంకో ఎత్తు.

52 రోజులు

నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలన్న నిబంధన ఉంది. పూర్ణకు అది కుదరదు. అందుకే బృందం టిబెట్ వైపు నుంచి, అంటే ఉత్తరం దారిలో వెళ్లింది. చలిగాలి ఎక్కువ కొట్టే దారి ఇదే.

ఎవరెస్టు ఎక్కడం అంటే కింది నుంచి పైదాకా ఒక్క ఊపున పోవడం కాదు. సుమారు 5,200 మీటర్ల ఎత్తున బేస్ క్యాంపు. అక్కడి నుంచి 6,400 మీటర్ల దగ్గర ఇంకో క్యాంపు. తరువాత ఏడు వేల మీటర్ల ఎత్తున నార్త్ కోల్ అనే మంచు మెడ. ఇలా కొంత ఎక్కడం, మళ్లీ దిగి పడుకోవడం, మళ్లీ ఇంకొంచెం ఎక్కడం. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే ఇంకో మార్గం లేదు. రక్తం తనను తాను మార్చుకునేదాకా కొండ ఆగమంటుంది. యాత్ర మొత్తానికి 52 రోజులు పట్టడానికి కారణం అదే.

ఎనిమిది వేల మీటర్లు దాటితే గాలిలో దొరికే ప్రాణవాయువు కింద దొరికేదాంట్లో మూడో వంతు. సిలిండరు, మాస్కు లేకపోతే చాలామందికి అడుగు పడదు. చివరి ఎక్కుడు అర్ధరాత్రి చీకట్లో, నుదుటి దీపం వెలుగులో మొదలవుతుంది. ముందే కట్టి ఉంచిన తాడుకు పట్టుకొక్కెం తగిలించుకుని, ఒక్కో అడుగుకు నాలుగైదు ఊపిర్లు తీసుకుంటూ కదలాలి. 8,600 మీటర్ల దగ్గర నిట్టనిలువు రాయి ఒకటి అడ్డం వస్తుంది. 1975లో చైనా బృందం దానికి నిచ్చెన బిగించింది. బూట్ల కింద ఇనుప ముళ్లతో ఆ నిచ్చెన ఎక్కుతుంటే కింద వేల అడుగుల లోయ.

దారి పక్కన శవాలుంటాయి. ఆ ఎత్తు నుంచి కిందికి దించడం కష్టం కాబట్టి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లు. వాటిని చూసి భయపడ్డానని పూర్ణ తరువాత చెప్పింది. చూసింది పదమూడేళ్ల పిల్ల, పదహారేళ్ల పిల్లవాడు అన్న సంగతి మరిచిపోకూడదు.

పంపొచ్చా... అన్న ప్రశ్న

ఇక్కడే ఏ తల్లికైనా, తండ్రికైనా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఇంత ప్రమాదానికి పిల్లల్ని పంపొచ్చా?

తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదిది. వీళ్లు కొండ మీద ఉన్నప్పుడే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో మంచుచరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. అందరూ పని మీద ఉన్న నేపాలీలే, ఎక్కువ మంది షెర్పాలు. అటువైపు ఆ ఏడాది యాత్రలు దాదాపుగా ఆగిపోయాయి.

తెలుగువాళ్లకూ ఈ దుఃఖం కొత్త కాదు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అదే బడిలో ఆయన విగ్రహం చూస్తూ పెరిగిన నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి లోకాన్ని నివ్వెరపరిచాడు. ఆయన కూడా 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు.

వయసు విషయంలో కట్టుదిట్టాలు ఉండాలనడం న్యాయమే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు రికార్డు కోసం పోటీపడుతూ పోతే ఆ వరస ఎక్కడ ఆగుతుంది? ఈ మాట అన్నవాళ్లు పర్వతారోహకుల్లోనే చాలామంది ఉన్నారు.

కానీ ఈ ప్రశ్నకు చర్ల వైపు నుంచి చూస్తే ఇంకో ముఖం ఉంది. అడవి అంచున పదహారేళ్ల కుర్రాడికి ప్రమాదం అన్నది ఎవరెస్టు మీద మాత్రమే లేదు. మలేరియా ఉంది. పొంగిన వాగు ఉంది. బడి మానేసి మిర్చి కోతకు పోవడం ఉంది. ఇటు నుంచో, అటు నుంచో తుపాకీ పిలుపు ఉంది. వీటిల్లో దేనికీ ఏడాది శిక్షణ ఇచ్చి, డాక్టరును పెట్టి, తాడు కట్టి పంపినవాళ్లు లేరు. ఎవరెస్టుకు మాత్రం పంపారు. పిల్లల్ని పంపేముందు ఎంత జాగ్రత్త పడాలో ఆ ఒక్క యాత్రలో చూపించారు. ఆ జాగ్రత్త మిగతా వాటికీ ఎందుకు లేదన్నదే అసలు అడగాల్సింది.

దిగి వచ్చాక

వాళ్లు కొండెక్కిన ఎనిమిది రోజులకు, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఎక్కినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు. కొత్త రాష్ట్రానికి తొలి హీరోలు. ముఖ్యమంత్రి కేసీఆర్ ఇద్దరికీ చెరో పాతిక లక్షలు ప్రకటించారు. దండలు, సభలు, ఫ్లెక్సీలు సరేసరి. ఆనంద్ మండలం చుట్టూ హద్దులు కూడా మారాయి. పక్కనున్న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు పోలవరం పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016లో ఖమ్మం జిల్లా విడిపోయి చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది.

పూర్ణ ఆగలేదు. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్బ్రస్, 2019లో అకాంకాగువా, కార్‌స్టెన్స్ పిరమిడ్, అంటార్కిటికాలోని విన్సన్, చివరిగా 2022 జూన్‌లో అలాస్కాలోని దెనాలి. ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలూ పూర్తి చేసింది. 2017లో రాహుల్ బోస్ తీసిన హిందీ సినిమాకు పెట్టిన పేరు కూడా 'పూర్ణ'. సినిమాకైనా, రికార్డుకైనా ఒక్క పేరే కావాలి. అది లోకరీతి. అందులో పూర్ణ తప్పు లేదు, ఆమె గొప్పదనానికి లోటూ లేదు.

అయితే ఆ జంటలో ఆనంద్ ఉండటం వల్ల జరిగిన మేలు వేరు. పూర్ణ ఒక్కతే ఎక్కి ఉంటే, ఆ అమ్మాయి పుట్టుకతోనే అసాధారణం అనుకుని అందరూ చప్పట్లు కొట్టి ఊరుకునేవాళ్లు. ఒకే శిక్షణలోంచి, రెండు వేర్వేరు జిల్లాల నుంచి, రెండు వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చిన ఇద్దరూ ఎక్కేసరికి సంగతి మారిపోయింది. ఇది ఒక్క పిల్ల అదృష్టం కాదు, నేర్పితే ఇంకొకరికీ వస్తుంది అని తేలింది. ఒకటి అబ్బురం, రెండు పద్ధతి.

ఆ పద్ధతి నిలబడింది కూడా. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంక్షేమ గురుకులాల యువకుల్ని ఎవరెస్టుకు పంపింది. 2018 మే నెలలో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల గిరిజన విద్యార్థులు ఐదుగురు శిఖరం చేరారు. చంద్రపూర్ అంటే ఎంతో దూరం కాదు, గోదావరికి ఎగువన ఉన్న గోండుల అడవే. ప్రభుత్వ హాస్టల్లో చదివే పిల్లల్ని ఎవరెస్టుకు పంపుతామని ఇంకో రాష్ట్రంలో ఒక అధికారి ఫైలు పెడితే, పైవాళ్లు నవ్వకుండా సంతకం పెట్టే రోజు వచ్చింది. చర్ల కుర్రాడు, పాకాల అమ్మాయి ముందు వెళ్లి క్షేమంగా తిరిగి రావడమే దానికి జామీను.

అతి చిన్న వయసు రికార్డులు నిలిచేవి కావు. చైనా వైపు వయసు నిబంధనలు ఇలాగే ఉంటే పూర్ణ రికార్డు చాలాకాలం ఉండొచ్చు, సడలిస్తే రేపో ఎల్లుండో పోవచ్చు. ఎప్పుడో ఒకప్పుడు ఇంకో పిల్ల, ఇంకో పుట్టినరోజు లెక్క వస్తుంది. ఆనంద్ చేసినదానికి మాత్రం ఆ బెడద లేదు. చర్ల నుంచి ఎవరెస్టుకు మొదట వెళ్లింది ఎవరని అడిగితే, ఎన్నేళ్లు పోయినా చెప్పాల్సిన పేరు అదే.

ఇప్పుడు ఆ మండలంలో గురుకులం సీటు కోసం పరీక్ష రాసే పిల్లవాడికి సీటు వస్తే ఏం దొరుకుతుందో తండ్రికి తెలుసు. మూడు పూటలా అన్నం, యూనిఫాం, పదో తరగతి సర్టిఫికెట్. వీటితో పాటు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ బడిలోంచే ఒక సైకిల్ మెకానిక్ కొడుకు ఎవరెస్టు ఎక్కి వచ్చాడు.